ఇత్తడి తూటాల ఆయుష్షు

తూర్పు కొండల మీద సూర్యబింబం అప్పుడే తొంగి చూస్తోంది. శిలావతీ దుర్గం బురుజుల మీద లేత వెలుగు పసుపు పూసినట్టు పరుచుకుంది. కందకంలో తామరలు విచ్చుకుంటున్నాయి. కోట ముంగిట ఏనుగులు మావటివాళ్ల పాటకు చెవులూపుతూ ఒంటిమీద నీళ్లు చల్లుకుంటున్నాయి. అంతలో పడమటి ఆకాశం ఉన్నట్టుండి నల్లబడింది.

"లోహగృధ్రాలు! లోహగృధ్రాలు వస్తున్నాయి!"

కావలివాళ్లు కొమ్ములు ఊదారు. ఏనుగులు ఘీంకరిస్తూ సాలల్లోకి పరుగెత్తాయి.

మాంత్రికుడు తామ్రజటుడు తన మంత్రబలంతో పెంచిన రాబందులవి. ఒక్కొక్కటి గున్న ఏనుగంత ఉంటుంది. రెక్కలకు ఈకల బదులు ఇనుప రేకులు. బాణం తగిలితే ఠంగుమని మోగి కిందపడుతుందే తప్ప గీత కూడా పడదు. వాటి రొమ్ము కింద మాత్రం ఒక మెత్తని చోటుంది. అక్కడ అగ్నినాళికతో కొడితేనే ప్రాణం పోతుంది.

యువరాజు పృథుకీర్తి పడమటి బురుజు మీద మోకాలి మీద కూర్చుని అగ్నినాళికను భుజానికి ఆనించాడు. పొడవాటి ఆ ఇనుప గొట్టం వెనకభాగంలో ఒక ఇత్తడి తూటా పెడతారు. తూటా పొట్టనిండా పేలుడు మందు, అడుగున మంట పుట్టించే రవ్వగింజ, మెడలో సీసపు గుండు. మీట నొక్కగానే గుండు దూసుకుపోతుంది. ఖాళీ ఇత్తడి తూటా మిగులుతుంది. దాని మెడను అచ్చులో నొక్కి సరిచేసి, మళ్లీ మందు కూరి మళ్లీ వాడుకోవాలి.

వాడుకోక తప్పదు కూడా. ఇత్తడి చెయ్యాలంటే రాగిలో తుత్తునాగం కలపాలి. తుత్తునాగం గనులన్నీ తామ్రజటుడి చేతిలో ఉన్నాయి. కోటలో ఉన్న తూటాలే ఉన్నవి. కొత్తది ఒక్కటి కూడా రాదు.

పృథుకీర్తి పేల్చాడు. ముందు వస్తున్న రాబందు గిరగిరా తిరుగుతూ కందకంలో పడింది. రెండో తూటా పెట్టి పేల్చేసరికి పొగ వెనక్కి తన్ని కళ్లు మండిపోయాయి. గుండు ఎటు పోయిందో తెలియలేదు. తూటా తీసి చూస్తే మెడ నిలువునా పగిలి ఉంది.

పక్క బురుజు మీద ఢామ్మని చప్పుడైంది. "అమ్మో, నా మీసం!" అని కేక. వృద్ధ సేనాని సింగమనాయకుడు ముఖం పట్టుకుని కూలబడ్డాడు. అతని తూటా మెడ పగల్లేదు. అడుగుకు కాస్త పైన రెండు ముక్కలైంది. అడుగు ముక్క చేతికి ఊడివచ్చింది, పై ముక్క నాళికలోనే ఇరుక్కుపోయింది. వెనక్కి తన్నిన మంటకు చెంప కమిలి కుడి మీసం మసైపోయింది.

ఆ సందులో ఒక రాబందు కావలివాణ్ణొకణ్ణి కాళ్లతో తన్నుకుపోయింది. వాడి కేక కొండల మధ్య చాలాసేపు వినపడింది.

రాబందులు వెనుదిరిగాక మణిసేన మహారాజు కొలువు తీర్చాడు. కొలువంతా గగ్గోలుగా ఉంది.

"ప్రభూ, తూటా మెడను నిప్పులో వెచ్చబెడితే గట్టిగా మన్నుతుందన్నారు. వెచ్చబెట్టాం. అదీ పగిలింది!"

"వెచ్చబెట్టనివీ పగిలాయి గదా!"

"నేను వెచ్చబెట్టినది ఇప్పటికి పన్నెండుసార్లు పేలింది. చెక్కు చెదరలేదు!"

"నాది నాలుగోసారికే పోయింది!"

మహారాజు కణతలు నొక్కుకున్నాడు. "ఒకే ఇత్తడి, ఒకే మందు, ఒకే అచ్చు. ఒకటి బతుకుతుంది, ఒకటి చస్తుంది. ఎందుకో చెప్పేవాడు ఒక్కడూ లేడా?"

ముసలి మంత్రి లేచాడు. "మహాప్రభూ, ఈ తూటాలు పోతపోసింది కంచరి అన్నాచెల్లెళ్లు, మల్లనాచారి, పేరమ్మ. ఈ నిప్పు విషయంలోనే తగవుపడి విడిపోయారు. అన్న నల్లకోనలో ఉన్నాడు. చెల్లెలు శోణవేణి నది మధ్య లంకలో ఉంది. వాళ్లిద్దరికీ తప్ప దీని మర్మం తెలియదు. కానీ ఆ రెండు చోట్లా ఇప్పుడు తామ్రజటుడి భటులు తిరుగుతున్నారు."

"నేను వెళతాను," అన్నాడు పృథుకీర్తి.

"నేనూ వస్తాను," అన్నాడు సింగమనాయకుడు, మిగిలిన సగం మీసం తడుముకుంటూ. "నా మీసానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి."

ఇద్దరూ గుర్రాలను అడవి అంచున కోయపల్లెలో వదిలి, కళాయి పూసేవాళ్ల వేషం వేశారు. ముఖాలకు మసి, భుజాన తోలుతిత్తి, మూటలో కళాయికి కావలసిన తగరం, నవాసారం పొడి. మూట అడుగున మైనపు బట్టలో చుట్టిన కొన్ని పగిలిన, వాడిన తూటాలు, కాస్త మందు, రవ్వగింజలు, గుండ్లు. విప్పి కర్రల కట్టలో కలిపేసిన ఒక అగ్నినాళిక.

నల్లకోన కనుమలో తామ్రజటుడి భటులు అడ్డగించారు.

"ఎవర్రా మీరు?"

"కళాయివాళ్లం దొరా," అన్నాడు పృథుకీర్తి వంగి.

"మంచి సమయానికి దొరికారు. మా వంటగుండిగ చిలుమెక్కి చస్తోంది. కళాయి వేసి కదలండి."

యువరాజు బిత్తరపోయాడు. జన్మలో ఎన్నడూ కళాయి వేసి ఎరగడు. సింగమనాయకుడు మాత్రం ధైర్యంగా పొయ్యి రాజేసి, గుండిగను ఎర్రగా కాచి, మూటలో ఉన్న నవాసారమంతా ఒక్కసారి అందులో గుమ్మరించాడు. తెల్లని పొగ గుప్పుమని లేచింది. భటులకు ఊపిరాడలేదు, కళ్లు కనపడలేదు. దగ్గుతూ, తిట్టుకుంటూ, ఒకరిమీద ఒకరు పడుతూ చెట్లలోకి పరుగెత్తారు.

"నీకు కళాయి వేయడం వచ్చా నాయకా?" అడిగాడు పృథుకీర్తి, పరుగెడుతూ.

"రాదు ప్రభూ. అందుకే అంత పొగ వచ్చింది."

నల్లకోన గుహలో మల్లనాచారి కొలిమి ముందు కూర్చుని ఉన్నాడు. ఆరడుగుల మనిషి, తెల్లని గడ్డం బొడ్డుదాకా ఉంది. శిలావతి ఆయుధశాలకు ఒకప్పుడు అధిపతి. పృథుకీర్తి ముఖాన మసి తుడుచుకోగానే గుర్తుపట్టి లేచి నమస్కరించాడు. పగిలిన తూటాలు చేతిలోకి తీసుకుని వెలుగుకు తిప్పి తిప్పి చూశాడు.

"వీటికి నిప్పు చూపించారా?"

"కొన్నింటికి."

"అయితే చచ్చినట్టే!" అని గర్జించాడు. కొనను కొద్దిగా వంచిన సన్నని ఇనుప తీగ ఒకటి తీసి, సింగమనాయకుడు తెచ్చిన తూటాలలో ఒక దాని నోట్లోంచి లోపలికి పెట్టాడు. తూటా లోగోడ వెంట మెల్లగా పైకీ కిందికీ లాగాడు. "పట్టుకో నాయనా. నువ్వే లాగి చూడు."

పృథుకీర్తి లాగాడు. పైనంతా నున్నగా జారిన తీగ అడుగు దగ్గరికి వచ్చేసరికి దేనికో తట్టుకుంది. లోపల చుట్టూతా సన్నని గాడి పడినట్టుంది.

"అక్కడ ఇత్తడి సాగి పలచబడింది. బయట చూడు, అదే చోట వెంట్రుకలాగా మెరుస్తున్న గీత. ఆ గీత కనపడిందంటే దాని ఆయుష్షు తీరింది. మళ్లీ కూరి పేలిస్తే రెండు ముక్కలే."

"ఎందుకు పలచబడుతుంది ఆచారిగారూ?"

"మందు అతిగా కూరితే తొందరగా సాగుతుంది. నాళిక లోపల చోటు వదులైతే ఇంకా తొందరగా సాగుతుంది. మితంగా కూరేవాడికి చాలా కాలం వస్తుంది, ఆశపోతుకు నాలుగైదు సార్లకే పోతుంది. వీటన్నిటినీ మించింది నిప్పు. సెగ తగిలితే ఇత్తడి సారం కిందికి దిగి, అడుగు పలచనై పోతుంది."

"మీ చెల్లెలుగారు వెచ్చబెట్టాలంటారట?"

మల్లనాచారి ముఖం నల్లబడింది. "నా బావ శరభాచారి, దాని మొగుడే, అది వెచ్చబెట్టిన తూటా పేల్చాడు. అడుగు దగ్గర విరిగింది. కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. అంతకన్నా రుజువేం కావాలి? పెళ్లినాడు పసుపుబట్టల్లో చూసిన చెయ్యి అది. నా చేతుల్లో ఊడిపడింది." తూటాలు మూటలో వేసి ఇచ్చాడు. "తీగ తీసుకువెళ్లు. నిప్పు జోలికి మాత్రం పోవద్దు."

గుహ బయటికి వచ్చాక సింగమనాయకుడు తృప్తిగా తల ఊపాడు. "తేలిపోయింది. నిప్పు వద్దు."

"తేలలేదు నాయకా. నా తూటా మెడ పగిలింది. దానికి ఎవరూ నిప్పు చూపలేదు. అదెందుకు పగిలింది?"

సింగమనాయకుడు మూట భుజానికెత్తుకుని నది వైపు దారితీశాడు.

శోణవేణి వరద మీద ఉంది. సింధూరం కలిపినట్టు ఎర్రని నీళ్లు, వాటి మీద కొట్టుకుపోతున్న పూలగుత్తులు, మొదలంటా పెకలిన మద్దిచెట్లు. పుట్టిలో దాటుతుంటే సుడిగుండం పట్టుకుని బొంగరంలా తిప్పింది. పుట్టి బోర్లాపడేలోగా పృథుకీర్తి కొట్టుకువస్తున్న ఒక మానుకు తాడు విసిరి బిగించాడు. మాను ఈడ్చుకుపోయి ఇద్దర్నీ లంక ఒడ్డున, రెల్లుపొదల్లో పారేసింది.

"కళాయా? మా ఇంట్లో కళాయి వేసేవాడు ఇంకా పుట్టలేదు!" అంటూ ఎదురొచ్చింది పేరమ్మ. లావుపాటి మనిషి, గొంతు నది హోరును మించి ఉంది. సంగతి చెప్పగానే, "యువరాజువా? అయితే ఆ తలుపు మూయి బాబూ, నువ్వు ఆ కిటికీ మూయవయ్యా సగం మీసం!" అని ఇద్దరికీ పని పురమాయించింది.

లోపలి నుంచి శరభాచారి ఎడమచేత్తో మజ్జిగ చెంబు తెచ్చి నవ్వుతూ అందించాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయి ఉంది.

పట్టపగలే అయినా తలుపులు మూసేసరికి కొట్టం చీకటైంది. "వెలుతురులో ఇత్తడి రంగు తెలియదు," అంది పేరమ్మ. ఒక పళ్లెంలో నీళ్లు పోసి, తూటాలను పొట్ట సగందాకా మునిగేట్టు నిలబెట్టింది. ఊదుగొట్టంతో సన్నని మంటను ఒక తూటా మెడ చుట్టూ తిప్పింది. పసుపు ఇత్తడి మీద నీలి నీడ పాకింది. ఆ తరువాత కనీ కనపడని ఎరుపు ఛాయ మెడ అంచున తొంగిచూసింది. చూసిందో లేదో, పేరమ్మ తూటాను నీళ్లలోకి పడదోసింది. సుయ్యిమంది.

"అంతే. నిప్పుకణికలా ఎర్రబడిందంటే చెడిపోయినట్టే. అడుగుకు సెగ తగలకూడదు, అందుకే నీళ్లు."

వెచ్చబెట్టని తూటా ఒకటి తీసి మెడను పటకారుతో నొక్కింది. అప్పడంలా పటుక్కుమంది. వెచ్చబెట్టినదాన్ని నొక్కింది. తమలపాకులా మడతపడింది గానీ చిట్లలేదు.

"పేల్చినప్పుడల్లా మెడ వాస్తుంది. అచ్చులో పెట్టి మళ్లీ నొక్కుతారు. వాయడం, నొక్కడం, వాయడం, నొక్కడం. తీగను అటూ ఇటూ వంచితే ఏమవుతుంది? పెళుసెక్కి విరుగుతుంది. కాస్త సెగ చూపిస్తే మళ్లీ మెత్తబడుతుంది. మూడు నాలుగు సార్లకొకసారి ఇలా చేస్తే మెడ పగలమన్నా పగలదు."

పృథుకీర్తి మడతపడిన తూటాను చేతిలోకి తీసుకున్నాడు. "మరి అడుగు దగ్గర విరిగేది?"

"దానికీ నిప్పుకూ సంబంధం లేదు!"

"మరి దేనికి సంబంధం?"

పేరమ్మ పటకారు కింద పెట్టింది. "అది మా అన్ననే అడుగు. వాడే నా నోరు నొక్కి, నా పెనిమిటి చెయ్యి నేనే తీశానన్నాడు. నా మట్టుకు నాకు తెలుసు. కానీ ఎట్లా రుజువు చెయ్యను? చెయ్యి నాది కాదు కదా, నొప్పి నాకు తెలుసనడానికి." చెంగుతో కళ్లు తుడుచుకుంది. శరభాచారి ఎడమచెయ్యి ఆమె భుజం మీద వేశాడు.

వెచ్చబెట్టిన తూటాలను మూటగట్టుకుని ఇద్దరూ మళ్లీ అదే పుట్టిలో నది దాటారు.

అడవిలో నడుస్తున్నా పృథుకీర్తికి దారి కనపడలేదు. ఒకరు నిప్పు ప్రాణం తీస్తుందంటారు, ఒకరు ప్రాణం పోస్తుందంటారు. ఇద్దరి చేతుల్లోనూ రుజువు ఉంది. చూసిన రెండు రుజువులూ నిజమే. రెండూ నిజమైతే ఏం చెయ్యాలి? సగం తూటాలు వెచ్చబెట్టి సగం వదిలేయాలా? మోదుగులు విరగబూసి అడవి తగలబడుతున్నట్టుంది. నెమళ్లు దారికి అడ్డంగా పురివిప్పుతున్నాయి. అతను వాటి మధ్యనుంచి గుడ్డివాడిలా నడిచాడు.

"చెల్లెలి మాటే నిజం ప్రభూ," అన్నాడు సింగమనాయకుడు. రెండడుగులు వేసి, "కాదు, అన్న మాటే," అన్నాడు.

మర్రి ఊడల మాటున ఒక పాడుబడ్డ మంటపం. అందులో పులిచర్మం మీద ఒక యోగి. ఒళ్లంతా విభూతి, కళ్లు కాటుక పెట్టినట్టు నల్లగా ఉన్నాయి.

"ఎందుకు నాయనా అంత మథనపడుతున్నావు? ఇత్తడి గురించేగా?"

పృథుకీర్తి ఉలిక్కిపడి పాదాలకు మొక్కాడు. "స్వామీ, మీకెలా తెలుసు?"

"ముఖం చూస్తే తెలియదా! అన్న అడుగు గురించి చెప్పాడు, చెల్లెలు మెడ గురించి చెప్పింది. అంటే రోగం ఒంటినిండా ఉందన్నమాట. అలాంటప్పుడు మెడ ఒక్కటే వెచ్చబెడితే ఏం లాభం? తూటా మొత్తాన్ని నిప్పుల్లో వేసి కణకణలాడేట్టు కాల్చు. తల నుంచి కాలి దాకా మెత్తబడి, ఇవాళే పుట్టినట్టు అవుతుంది."

రెండు మాటలూ ఒకే తాటిమీదికి వచ్చేసరికి యువరాజు గుండె తేలికపడింది. ఇంత సులువైన సంగతి తనకెందుకు తట్టలేదనుకున్నాడు.

"నేను గగనమార్గాన క్షణంలో శిలావతి చేరగలను," అన్నాడు యోగి. "నీ రాజముద్ర ఉంగరం ఇస్తే మీ తండ్రి నమ్ముతాడు. నువ్వు వెళ్లేసరికే కోటలో పని పూర్తవుతుంది."

పృథుకీర్తి ఉంగరం తీసి ఇచ్చాడు. యోగి దాన్ని గుప్పిట్లో మూయగానే పొగలా మాయమయ్యాడు.

"మనమూ ఒకటి కాల్చి చూద్దాం నాయకా!"

మంటపంలోనే చితుకులు రాజేసి, ఒక తూటాను నిప్పుల్లో పడేశారు. అది ఉదయసూర్యుడిలా మెరిసింది. చల్లారాక అడుగున రవ్వగింజ పెడితే నిలవక జారి కిందపడింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది. పృథుకీర్తి బొటనవేలితో, గోరు దన్నుగా, గట్టిగా అదిమాడు. గుంట పడింది.

"మైనంలా ఉందే!" అన్నాడు సింగమనాయకుడు.

పృథుకీర్తి ఆ తూటాను దూరంగా విసిరేశాడు. మంట తాకిడిని వెనక నుంచి ఆపేది అడుగు ఒక్కటే. అదే మెత్తబడితే? మీట నొక్కినవాడి ముఖమే ఉండదు.

అదే క్షణంలో మంటపం మీద నీడ పడింది. ఇనుప రెక్కల గణగణ చప్పుడుతో లోహగృధ్రం దూసుకువచ్చింది. కాలితో ఒక స్తంభాన్ని పట్టి పెకలించింది. పైకప్పు సగం కూలింది. సింగమనాయకుడు కర్రల కట్ట విప్పి నాళికను బిగించి యువరాజుకు విసిరాడు.

పృథుకీర్తి పేరమ్మ మూటలోంచి ఒక తూటా లాగాడు. అంత ప్రమాదంలోనూ మల్లనాచారి తీగను లోపలికి దూర్చాడు. అడుగు దగ్గర తట్టుకుంది. పారేశాడు. ఇంకొకటి తీశాడు. నున్నగా జారింది. రవ్వగింజ, మందు, గుండు పెట్టాడు. రాబందు ముక్కు అతని భుజానికి బెత్తెడు దూరంలో ఉండగా పేల్చాడు. అది ఒక్క కేక వేసి మంటపం మెట్ల మీద పడి, రెక్కలు కొట్టుకుని చచ్చింది.

తూటా బయటికి తీశాడు. మెడ పగల్లేదు. అడుగు సాగలేదు.

కూలిన రాళ్ల మధ్యే కూర్చుని మూటలోని తూటాలన్నిటికీ తీగ పెట్టి చూశాడు. వెచ్చబెట్టినవాటిలో కొన్నింటికి అడుగున గాడి ఉంది, కొన్నింటికి లేదు. వెచ్చబెట్టనివాటిలోనూ అంతే.

"నాయకా! గాడికీ నిప్పుకూ సంబంధం లేదు. మెడ జబ్బు వేరు, అడుగు జబ్బు వేరు! మెడకు మందు ఉంది, అది పేరమ్మ చెప్పిన సెగ. అడుగుకు మందు లేదు, మల్లనాచారి తీగతో కనిపెట్టి పారేయడమే. శరభాచారి చేతిలో విరిగిన తూటా వెచ్చబెట్టక ముందే సాగిపోయి ఉంటుంది. రెండు జబ్బులకీ ఒకే పేరు పెట్టుకుని ఇన్నాళ్లూ కొట్టుకుంటున్నారు!"

"అయితే ఆ యోగి?" అన్నాడు సింగమనాయకుడు.

పృథుకీర్తి ఉంగరం లేని తన వేలు చూసుకున్నాడు. మరుక్షణం ఇద్దరూ గుర్రాలను వదిలిన పల్లె వైపు పరుగుతీశారు.

సాయంత్రానికి శిలావతి కనపడింది. ప్రతి బురుజు మీదా కొలిములు మండుతున్నాయి. పొగ మేఘంలా కోటను కమ్మేసింది.

సింహద్వారం దగ్గర భటులు బల్లేలు అడ్డం పెట్టారు. "ఎవడ్రా నువ్వు?"

"నేను పృథుకీర్తిని!"

"యువరాజులవారు మధ్యాహ్నమే వచ్చారు. లోపల మహారాజుగారి పక్కన ఉన్నారు."

పృథుకీర్తి వాళ్లను తోసుకుని, తరుముతున్న భటులతో సహా పడమటి బురుజు ఎక్కాడు. మహారాజు పక్కన పట్టుబట్టలు కట్టుకుని, వేలికి ఉంగరం పెట్టుకుని, తానే నిలబడి ఉన్నాడు. అదే ముక్కు, అదే కనుబొమ్మ మీది గాటు.

"నాన్నగారూ, వాడు మాంత్రికుడు!" అన్నాడు పృథుకీర్తి.

"నాన్నగారూ, వాడు మాంత్రికుడు!" అన్నాడు రెండో పృథుకీర్తి, అదే గొంతుతో.

"అయ్యో, ఈయనే మన యువరాజు! నేను వెంటే ఉన్నాను!" అని సింగమనాయకుడు మొత్తుకున్నాడు.

"పాపం, సింగమనాయకుడు నదిలో పోయాడు. వీడూ మాయే," అన్నాడు పట్టుబట్టలవాడు కన్నీళ్లు పెట్టుకుని.

మహారాజు ఇటు చూశాడు, అటు చూశాడు. సైనికులు కొందరు ఇటు, కొందరు అటు బల్లేలు తిప్పి, ఎవరిని పొడవాలో తెలియక బిక్కచచ్చి నిలబడ్డారు.

"నాన్నగారూ," అన్నాడు పృథుకీర్తి. "వాడు కాల్చమన్న తూటా వాడు పేల్చాలి, నేను తెచ్చిన తూటా నేను పేలుస్తాను. చెంప ఆనించి పేల్చాలి."

పృథుకీర్తి అందరి ఎదుటా తీగతో చూసి, రవ్వగింజ అదిమి, చెంప ఆనించి ఆకాశంలోకి పేల్చాడు. తూటా తీసి మహారాజు చేతిలో పెట్టాడు. చెక్కుచెదరలేదు. వెంటనే మరో తూటా నాళికలో పెట్టుకున్నాడు.

పట్టుబట్టలవాడు చిరునవ్వుతో ఎర్రగా కాల్చి చల్లార్చిన తూటా తీసి నాళికలో పెట్టాడు. నాళికను పక్కనున్న సైనికుడికి అందించాడు. "నువ్వు పేల్చవోయ్. యువరాజు ఈ చిన్న పనులకు చెయ్యి చేసుకోవాలా?"

మహారాజు కళ్లు మెరిశాయి. "ఆగు! పేల్చకు! తన చెంపకు ఆనించలేనిదాన్ని ఇంకొకడి చెంపకు ఆనించేవాడు నా కొడుకు కాడు. పట్టుకోండి వీణ్ణి!"

పట్టుబట్టలు చిరిగిపోయాయి. రాగి రంగు జడలు పాముల్లా విప్పుకున్నాయి. తామ్రజటుడు తాటిచెట్టంత ఎత్తు పెరిగి చప్పట్లు కొట్టాడు. పొగలోంచి ఒక మహాగృధ్రం వచ్చి మహారాజును కాలిగోళ్లతో ఎత్తుకుంది. తామ్రజటుడు మామూలు మనిషంతగా కుంచించుకుపోయి దాని వీపు మీదికి దూకాడు.

పృథుకీర్తి గురిపెట్టాడు. గురికి అడ్డంగా తండ్రి వేలాడుతున్నాడు. నాళికను భుజాన వేసుకుని బురుజు అంచు మీదినుంచి దూకి రాబందు రెండో కాలు పట్టుకున్నాడు.

"నాయకా!" అని పైనుంచి అరిచాడు. "ఎర్రగా కాల్చినవన్నీ పారేయండి! మిగతావాటికి తీగ పెట్టి చూసి, నీళ్లలో నిలబెట్టి మెడలు వెచ్చబెట్టండి! మందు తగ్గించి కూరండి!"

"చిత్తం ప్రభూ! ముందు మీరు పడకండి!" అన్న కేక కిందికి కిందికి దిగిపోయింది.

కోట అరచేతంత అయింది. అడవి దుప్పటంత అయింది. కొండల మీద దట్టమైన మంచు. రాబందు అందులోకి దూరింది.

"కాల్చు నాయనా!" అన్నాడు మహారాజు.

"మీరు పడిపోతారు నాన్నగారూ!"

"వీడి కొండకు చేరితే అంతకన్నా ఘోరం. కాల్చమన్నానా!"

రాబందు రొమ్ము సరిగ్గా నెత్తిమీద ఉంది. పృథుకీర్తి మోచేతితో కాలును చుట్టేసి, ఒంటిచేత్తో నాళికను పైకెత్తి మీట నొక్కాడు. మంచు అంతా ఎర్రగా వెలిగి ఆరిపోయింది. ఇనుప రెక్కలు ఒక్కసారి ముడుచుకున్నాయి. పక్షి, మాంత్రికుడు, తండ్రి, కొడుకు అందరూ కలిసి ఆ తెల్లని మసకలో రాయిలా పడసాగారు. కింద ఉన్నది నదో, రాతిలోయో తెలియడం లేదు. ఎవరు ఎటు ఉన్నారో తెలియడం లేదు.

"నాన్నగారూ!" అని పృథుకీర్తి చెయ్యి చాచాడు. ఒక చెయ్యి వచ్చి అతని మణికట్టును ఉక్కులా పట్టుకుంది.

మహారాజు కేక మాత్రం చాలా దూరంగా, ఇంకో వైపు నుంచి వినిపించింది.